సిలబస్‌లో లేని చదువు



1962లో హైదరాబాదులో ఒక తెలుగు లెక్చరర్‌కు ఉస్మానియా విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇచ్చింది. ఆధునికాంధ్ర కవిత్వంలోని సంప్రదాయాలు, ప్రయోగాల మీద చేసిన పరిశోధన అది. అదే ఏడు ఎన్.టి. రామారావు కథానాయకుడిగా 'గులేబకావళి కథ' సినిమా విడుదలైంది. అందులో పాటలు రాసింది కూడా ఆ లెక్చరరే. ఒకవైపు పండితులు ఆయన సిద్ధాంత గ్రంథాన్ని చదువుతున్నారు, ఇంకోవైపు అక్షరం రాని వాళ్ల నోళ్లలో ఆయన పాటలు ఆడుతున్నాయి. ఆయనే సింగిరెడ్డి నారాయణరెడ్డి, మనందరికీ తెలిసిన సినారె. పుట్టిన ఊరు వేములవాడ దగ్గరి హనుమాజీపేట. అప్పట్లో అది కరీంనగర్ జిల్లా, ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లా.

విశ్వవిద్యాలయం పిల్లలకు ఏమిస్తుంది అని అడిగితే చాలామంది పట్టా అంటారు, ఆ తర్వాత కొలువు అంటారు. శ్రీరాంపూర్ సింగరేణి బొగ్గు బాయిల్లో మూడు షిఫ్టులూ పనిచేసి పిల్లల్ని హైదరాబాదుకో వరంగల్‌కో పంపిన ఇళ్లల్లో ఆ జవాబు తప్పు కాదు. ఫీజు కట్టిన తండ్రికి కొలువు గురించి అడిగే హక్కుంది. కానీ ఉత్తర తెలంగాణ నుంచి విశ్వవిద్యాలయానికి వెళ్లి పేరు తెచ్చుకున్న వాళ్ల జీవితాలను కొంచెం దగ్గరగా చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. వాళ్లు చదివిన సబ్జెక్టు ఒకటి, చేసిన గొప్ప పని మరొకటి. ఆ రెండో దానికి కావలసింది క్లాసుగది బయట, గ్రంథాలయంలో, హాస్టల్ గదిలో, స్నేహితుడి మాటలో దొరికింది.

ముందుగా సినారె చదువే చూద్దాం. 1931 జూలై 29న ఒక రైతు ఇంట్లో పుట్టారు. చిన్నప్పుడు ఊళ్లో విన్నవి హరికథలు, జంగం కథలు, జానపదుల పాటలు. బడి చదువు మాత్రం ఉర్దూలో. సిరిసిల్లలో, కరీంనగర్‌లో ఉర్దూ మాధ్యమంలోనే చదివారు. హైదరాబాదుకు వెళ్లి చాదర్‌ఘాట్ కాలేజీలో ఇంటర్మీడియట్, ఉస్మానియాలో బి.ఏ. చేశారు. అదీ ఉర్దూలోనే. 1918లో మొదలైన ఉస్మానియా ఒక భారతీయ భాషను బోధనా భాషగా పెట్టుకున్న మొదటి విశ్వవిద్యాలయం. దేశమంతటా పై చదువులు ఇంగ్లీషులో సాగుతున్నప్పుడు వైద్యం, ఇంజనీరింగ్, చరిత్ర అన్నీ ఉర్దూలో చెప్పిన సాహసం దానిది. అయితే ఆ రాజ్యంలో ఎక్కువమంది ఇంటి భాష తెలుగు. హనుమాజీపేట కుర్రవాడికి విశ్వవిద్యాలయంలో దొరికిన భారతీయ భాష తన తల్లి మాట్లాడే భాష కాదు.

మరి తెలుగు ఎక్కడ దొరికింది? సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో. 1901లో పుట్టిన ఆ గ్రంథాలయంలో కూర్చుని ఆయన పాత ప్రబంధాల నుంచి కొత్త కవిత్వం దాకా చదువుకున్నారు. దానికి ముందే కరీంనగర్‌లో జువ్వాడి గౌతమరావు ఆయనకు విశ్వనాథ సత్యనారాయణ 'ఏకవీర'నూ, జాషువా కావ్యాలనూ పరిచయం చేశారు. ఒక స్నేహితుడు, ఒక గ్రంథాలయం చాలు. బి.ఏ. దాకా ఉర్దూలో చదివిన విద్యార్థి ఎం.ఏ.లో తెలుగు తీసుకున్నాడు, ఆ శాఖలోనే ఆచార్యుడయ్యాడు.

ఉర్దూ చదువు కూడా వృథా పోలేదు. గజల్ లయ, ముషాయిరాలో కవి గొంతెత్తి చదివే పద్ధతి, ఒక్క పాదంతో సభను నిలబెట్టే నేర్పు ఆయనకు అటువైపు నుంచి వచ్చాయి. తెలుగులో గజళ్లు రాసి పాడి వినిపించారు. ఆయన మాత్రాఛందస్సులో ఉన్న ఊపు ఎక్కడిదని వెతికే విమర్శకులు జంగం కథ దగ్గరికీ వెళ్లాలి, ఉర్దూ గజల్ దగ్గరికీ వెళ్లాలి. ఈ రెండింటిలో ఒకటి ఊరు ఇచ్చింది, రెండోది చదువు ఇచ్చింది.

'కర్పూర వసంతరాయలు' 1957లో వచ్చింది. 'మంటలూ మానవుడూ' కావ్యానికి 1973లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. 1980లో వచ్చిన 'విశ్వంభర' వచన కవిత్వంలో పెద్ద కావ్యం. అందులో నాయకుడికి పేరు లేదు, మనిషే నాయకుడు, భూమి రంగస్థలం. ఆ కావ్యానికే 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం వచ్చింది. విశ్వనాథ తర్వాత తెలుగులో ఆ గౌరవం పొందిన రెండో రచయిత సినారె.

ఇక్కడ కరీంనగర్ వాళ్లు గుర్తు పెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. తెలుగులో తొలి జ్ఞానపీఠ గ్రహీత విశ్వనాథ సత్యనారాయణ 1959 నుంచి 1961 దాకా కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. అంటే తెలుగుకు వచ్చిన మొదటి రెండు జ్ఞానపీఠాలకూ ఈ జిల్లాతో బంధం ఉంది. ఒకరు ఇక్కడికి వచ్చి పనిచేసినవారు, ఇంకొకరు ఇక్కడి నుంచి వెళ్లినవారు. అప్పటి కాలేజీలో ఆ ప్రిన్సిపాల్ గదిలోకి చొరవగా వెళ్లిన విద్యార్థికి ఏ సిలబసూ ఇవ్వలేని చదువు దొరికి ఉంటుంది.

సినారె జీవితంలో చాలామంది పట్టించుకోని మరో పని, బొగ్గు బాయి ప్రాంతానికి దగ్గరైన పని, సార్వత్రిక విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉండటం. 1982లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. తర్వాత దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. మొదటి షిఫ్టు దిగి ఇంటికొచ్చి, అన్నం తిని, పుస్తకం ముందేసుకునే కార్మికుడికి, చిన్నప్పుడే పెళ్లయి చదువు ఆగిపోయిన గృహిణికి కాలేజీ గేటు దాటకుండానే డిగ్రీ చదివే దారి అది తెరిచింది. గ్రంథాలయాల్లో సొంతంగా చదువుకుని పైకొచ్చిన మనిషి అలాంటి చోట ఉపకులపతిగా కూర్చోవడం ఎంతో సబబు. ఆ తర్వాత ఆయన తెలుగు విశ్వవిద్యాలయానికీ ఉపకులపతి అయ్యారు, 1997లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు, 2017 జూన్ 12న కన్నుమూశారు.

విశ్వవిద్యాలయం తలుపు తెరిచిన కథ ఇది. మూసేసిన కథ కూడా ఈ నేల మీదే ఉంది.

1938లో ఉస్మానియా హాస్టళ్లలో విద్యార్థులు వందేమాతరం పాడారు. నిజాం ప్రభుత్వం వద్దంది, వాళ్లు మానలేదు. వందలాది మందిని బయటికి పంపారు. ఆ ఉద్యమంలో చదువు పోగొట్టుకున్న వాళ్లలో వంగర గ్రామానికి చెందిన పాములపర్తి వెంకట నరసింహారావు ఒకరు. బహిష్కృతులైన విద్యార్థులకు నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. పి.వి. నాగపూర్‌లో న్యాయశాస్త్రం పట్టా తీసుకున్నారు. మన పిల్లవాడిని మన విశ్వవిద్యాలయం వెళ్లగొడితే, పక్క రాష్ట్రపు విశ్వవిద్యాలయం అక్కున చేర్చుకుంది. ఆ విషయంలో నాగపూర్‌కు తెలంగాణ రుణపడి ఉంది.

ఆయన రాజకీయ జీవితం అందరికీ తెలుసు. 1957లో మంథని నుంచి శాసనసభకు ఎన్నికై అక్కడి నుంచే వరుసగా గెలిచారు. శ్రీరాంపూర్ నుంచి గోదావరి దాటితే మంథని ఎంతో దూరం కాదు. 1971లో ముఖ్యమంత్రి, 1991లో ప్రధాని. 2024లో, మరణానంతరం, భారతరత్న. అయితే లా పట్టా పుచ్చుకున్న ఈ నాయకుడు చేసిన సాహిత్య కృషి మీద ఇంకొంచెం వెలుగు పడాలి. నాగపూర్ చదువు ఆయనకు మరాఠీని చేరువ చేసింది. హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను 'అబల జీవితం' పేరుతో తెలుగులోకి తెచ్చారు. విశ్వనాథ 'వేయిపడగలు' నవలను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి అనువదించారు. ఆ నవలను చదివినవాళ్లకు తెలుసు, దాన్ని మరో భాషలో నిలబెట్టడం ఎంత ఓపిక పట్టే పనో. పల్లెటూరి ఆచారాలు, పూజలు, పంటలు, వంటలు, తర్కం, శృంగారం అన్నీ ఒకే వాక్యంలో కలిసిపోయే పుస్తకం అది. మంథని నియోజకవర్గం పనులు చూసుకుంటూ ఒక ఎమ్మెల్యే ఈ పనికి పూనుకున్నాడంటే ఈ రోజు నమ్మడం కష్టం.

చదువు మధ్యలో తెగిపోవడం అంటే ఏమిటో తెలిసిన మనిషి చదువుల శాఖలో చేసిన పనులు చూడండి. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైంది. 1980ల మధ్యలో కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఉన్నప్పుడు నవోదయ విద్యాలయాలు వచ్చాయి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాకు కాగజ్‌నగర్‌లో, ఉమ్మడి కరీంనగర్‌కు చొప్పదండిలో నవోదయలున్నాయి. పేపరు మిల్లు కార్మికుల పిల్లలు, పత్తి రైతుల పిల్లలు అక్కడ తిండీ బట్టా పుస్తకాలూ ఉచితంగా పొంది చదువుకుని పై చదువులకు వెళుతున్నారు.

ఈ వరసలో మూడో మనిషి మన కాలం వాడు. కనుకుంట్ల చంద్రబోస్. ఊరు చల్లగరిగె, చిట్యాల మండలం, ఇప్పటి జయశంకర్ భూపాలపల్లి జిల్లా. అదీ సింగరేణి గాలి తగిలే ప్రాంతమే. ఉపాధ్యాయుడి కొడుకు. హైదరాబాద్ జె.ఎన్.టి.యు.లో ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్స్ ఇంజనీరింగ్ చదివారు. పాటగాడు కావాలని సినిమా రంగానికి వెళ్లి పాటల రచయితగా నిలబడ్డారు. 1995లో 'తాజ్‌మహల్' సినిమాతో మొదలుపెట్టి, ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత 2023 మార్చిలో 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రంలోని 'నాటు నాటు' పాటకు సంగీత దర్శకుడు కీరవాణితో కలిసి ఆస్కార్ వేదిక ఎక్కారు. ఆ పాట నిండా ఉన్నది చల్లగరిగె లాంటి ఊరి తిండి, ఊరి ఆట, ఊరి దుమ్ము. సర్క్యూట్ల పాఠంలో అవి ఉండవు. అదే ఏడు 'కొండపొలం' పాటకు జాతీయ ఉత్తమ గీత రచయిత పురస్కారం కూడా ప్రకటించారు.

ఆస్కార్ వచ్చిన తర్వాత చంద్రబోస్ చేసిన పని ఆ బహుమతి కంటే తక్కువదేమీ కాదు. సొంత ఊళ్లో గ్రంథాలయం కట్టించారు. సుల్తాన్ బజార్ గ్రంథాలయం సినారెకు ఏమిచ్చిందో తెలిసినవాళ్లకు చల్లగరిగె గ్రంథాలయం విలువ విడిగా చెప్పనక్కరలేదు.

ఉత్తర తెలంగాణ దాటి చూసినా ఇదే కనిపిస్తుంది. హర్షా భోగ్లే ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్ చదివారు. దేశానికి ఆయన తెలిసింది క్రికెట్ వ్యాఖ్యాతగా. పంతొమ్మిదేళ్ల వయసులో హైదరాబాద్ ఆకాశవాణిలోనే ఆయన గొంతు మొదట వినబడింది. శ్యామ్ బెనెగల్ నిజాం కాలేజీలో అర్థశాస్త్రం చదువుతూ హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీని స్థాపించారు. చదువుకునే రోజుల నుంచి మనసులో మెదిలిన కథను 1974లో 'అంకుర్'గా తీశారు. తెలంగాణ పల్లెలో దొర, జీతగాడు, జీతగాడి పెళ్లాం. ఆ సినిమాతో హిందీ చిత్రసీమలో కొత్త దారి పడింది. వరంగల్ ప్రాంతం నుంచి వచ్చిన దొంగరి మల్లయ్య అర్థశాస్త్రం చదివి లెక్చరర్ అయ్యారు. ఉస్మానియా విద్యార్థి రవి మనసులో ఒక్క రోజు నడిచే ఆలోచనల మీద నవల రాశారు. 1969లో వచ్చిన ఆ 'అంపశయ్య' ఆయన కలంపేరుకు ఇంటిపేరైపోయింది. హాస్టల్ మెస్ బిల్లు బాకీ, పరీక్షల భయం, చెప్పలేని ప్రేమ. పల్లె నుంచి యూనివర్సిటీకి వెళ్లిన ఏ విద్యార్థి చదివినా తన కథే అనుకునే పుస్తకం.

పాకాల యశోదారెడ్డి ఉదాహరణ దగ్గర ఇంకొంచెం ఆగాలి. ఆమెది అప్పటి పాలమూరు జిల్లా బిజినేపల్లి. ఉస్మానియాలో తెలుగు ఆచార్యులు. డాక్టరేటు తెలుగులోని హరివంశాల మీద చేశారు, సంస్కృతం, పాత కావ్యాలు, వ్యాకరణం అన్నీ క్షుణ్ణంగా తెలియాల్సిన పరిశోధన అది. కథలు మాత్రం తన ఊరి ఆడవాళ్ల మాటలో రాశారు. 1973లో వచ్చిన 'మా ఊరి ముచ్చట్లు' చదివితే ఆ వాకిట్లో కూర్చున్నట్టే ఉంటుంది. అప్పట్లో ఆ మాటను పుస్తకాల్లో రాయడానికి చదువుకున్నవాళ్లు జంకేవాళ్లు. అచ్చమైన పండితురాలు ఆ మాటకు అచ్చు గౌరవం తెచ్చారు. ఆమె స్థాయి పాండిత్యం లేనివాళ్లు రాసి ఉంటే భాష రాక రాశారని తీసిపారేసేవాళ్లు. ఆమెను అలా అనడానికి ఎవరికీ నోరు రాలేదు. పట్టా అన్నిటికంటే బాగా పనికొచ్చిన సందర్భం ఇదే అనిపిస్తుంది.

చదివిన సబ్జెక్టులోనే శిఖరం చేరినవాళ్లు లేరా అంటే ఉన్నారు. కోనరావుపేట దగ్గరి నాగారం గ్రామం నుంచి వెళ్లిన చెన్నమనేని హనుమంతరావు హైదరాబాదులో, ఢిల్లీలో చదివి దేశంలో పేరున్న వ్యవసాయ ఆర్థికవేత్త అయ్యారు. ప్రణాళికా సంఘం సభ్యుడిగా పనిచేశారు. హరిత విప్లవం వల్ల వచ్చిన లాభం ఏ రైతుకు ఎంత దక్కిందో లెక్కతీసిన పుస్తకం 1975లో రాశారు. 2004లో పద్మభూషణ్ వచ్చింది. సిరిసిల్ల ప్రాంతపు మెట్ట భూముల్లో పెరిగిన మనిషికి వాన లేని ఏడు రైతు ఇంట్లో ఏమవుతుందో పుస్తకాల్లో చదివి తెలుసుకునే అవసరం లేదు.

ఇంతమందిని చెప్పుకున్నాక ఒక లోటు కూడా చెప్పుకోవాలి. ఈ పేర్లలో ఆడవాళ్లు తక్కువ, గోండు, కోలాం గూడేల నుంచి వచ్చినవాళ్లు లేనే లేరు. దానికి ప్రతిభ కొరత కారణం కాదు, దూరం కారణం. 1976లో వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చేదాకా ఆదిలాబాద్ అడవుల్లోని పిల్లకు విశ్వవిద్యాలయం అంటే హైదరాబాదే. మగపిల్లవాడు రైలెక్కి వెళ్లాడు, ఆడపిల్ల ఆగిపోయింది. కరీంనగర్‌కు శాతవాహన విశ్వవిద్యాలయం 2008లో గానీ రాలేదు. అదే ఏడు బాసరలో ట్రిపుల్ ఐటీ మొదలై పల్లె బడుల్లో పదో తరగతి బాగా పాసైన పిల్లలను తీసుకుంది. మంథని, జగిత్యాల ప్రాంతాల్లో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి. మైనింగ్ చదివే పిల్లలకు కొత్తగూడెం స్కూల్ ఆఫ్ మైన్స్ ఉండనే ఉంది, అది ఇటీవలే భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా ఎదిగింది. రేపటి జాబితా ఇంకోలా ఉండటానికి కావలసిన గోడలు లేచాయి.

గోడల లోపల ఏముంటుందన్నది ఇంకో ప్రశ్న. సినారెకు భాషా నిలయం ఉంది, బెనెగల్‌కు ఫిల్మ్ సొసైటీ ఉంది, భోగ్లేకు ఆకాశవాణి మైకు ఉంది. ఇప్పటి కాలేజీల్లో సాయంత్రం ఐదు తర్వాత గ్రంథాలయం తెరిచి ఉంటుందా, నాటకం ఆడే వేదిక ఉందా, పిల్లలు రాసిన కథ అచ్చయ్యే పత్రిక ఉందా అని తల్లిదండ్రులు ప్లేస్‌మెంట్ల లెక్కతో పాటు అడగాలి. పూర్వ విద్యార్థుల సంఘాలు వార్షిక సమావేశం పెట్టి శాలువాలు కప్పుకోవడం మంచిదే. ఆ డబ్బులో కొంత గ్రంథాలయానికి రాత్రి వేళ ఒక మనిషిని పెట్టడానికి ఇస్తే, పగలు పనిచేసి రాత్రి చదువుకునేవాళ్లకు ఎంతో మేలు.

చేయడానికి పని కూడా బోలెడుంది. కరీంనగర్‌లో తెలుగు లెక్చరర్‌గా పనిచేసిన నలిమెల భాస్కర్ తెలంగాణ పదకోశం కూర్చారు, మలయాళ నవలను తెలుగు చేసి 'స్మారకశిలలు'కు సాహిత్య అకాడమీ అనువాద బహుమతి పొందారు. 1950ల్లో బిరుదురాజు రామరాజు ఊరూరా జానపద గేయాలు సేకరించి ఉస్మానియాలో డాక్టరేటు తీసుకున్నారు. పల్లె పాట విశ్వవిద్యాలయంలో పరిశోధనకు తగినదని అప్పటికి చాలామంది ఒప్పుకోలేదు. బొగ్గు బాయి బతుకు అలాంటి పరిశోధకుడి కోసం చూస్తోంది. హాజరు వేసే మస్టరు దగ్గర పొద్దున్నే జరిగే మాటలు, కోల్ ఫిల్లర్లు టబ్బులు నింపుతూ పాడుకున్న పాటలు, బదిలీ ఫిల్లర్‌గా చేరిన తొలిరోజు భయం, పైకప్పు కూలిన రాత్రి బాయి మీద ఎదురుచూసిన ఆడవాళ్లు చెప్పిన సంగతులు. చేత్తో బొగ్గు తవ్విన తరం వాళ్లు రిటైరై మంచిర్యాల, నస్పూర్, శ్రీరాంపూర్ కాలనీల్లో ఉన్నారు. వాళ్లు ఉండగానే, కాకతీయలోనో శాతవాహనలోనో ఎం.ఏ. చదువుతున్న వాళ్ల మనవరాలు ఒక రికార్డర్ పట్టుకుని తాత పక్కన కూర్చుంటే ఆ పని ఈ సెలవుల్లోనే మొదలవుతుంది.